పట్టా భూమి అడుగున ఉన్న ఖనిజం ఎవరిది?

విశాఖపట్నం నుంచి, చుట్టుపక్కల మండలాల నుంచి, ఏజెన్సీ నుంచి ఇటీవల ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో చాలా వాటిది ఒకటే సందేహం. పాసుపుస్తకం చేతిలో ఉన్న పట్టాదారుకు తన నేల అడుగున ఉన్న రాయి, గ్రావెల్, గ్యాసు, చమురు మీద కూడా హక్కు ఉంటుందా అన్నది ఆ సందేహం. వాటిలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము. రాసినవారి పేర్లు వదిలి ఊళ్ల పేర్లు మాత్రమే ఉంచాము. సర్వే నంబర్లు పంపి తీర్పు చెప్పమన్నవారికి ఒక మాట: కాగితాలన్నీ చూడకుండా ఎవరి హక్కునూ తేల్చలేము. ఆ కాగితాల్లో ఏమి వెతకాలో చెప్పడం వరకే మేము చేయగలిగినది.

ప్రశ్న (సీతమ్మధార): మాది రాజోలు ప్రాంతం. మా కొబ్బరితోటకు కూతవేటు దూరంలో చమురు సంస్థ గ్యాసు బావి తవ్వింది. టెక్సస్‌లో ఉంటున్న మా అబ్బాయి, అక్కడి రైతులకు పొలంలో బావి పడితే నెలనెలా రాయల్టీ చెక్కులు వస్తాయని చెబుతున్నాడు. మనకు ఎందుకు రావు?

జవాబు: మీ అబ్బాయి చెప్పినది నిజమే కాని, అందులో సగమే ఉంది. అమెరికాలో ప్రైవేటు భూముల ఖనిజ హక్కు మొదట భూమి హక్కుతో కలిసే ఉంటుంది. టెక్సస్ రాష్ట్రమైతే 1866 నాటి తన రాజ్యాంగంలో, అంతవరకు ప్రభుత్వం అట్టిపెట్టుకున్న ఖనిజాలను కూడా భూయజమానులకు వదిలివేసింది. అందుచేత 1901 జనవరిలో బోమాంట్ పట్టణం దగ్గర స్పిండిల్‌టాప్ బావిలో చమురు ఎగజిమ్మిన తరువాత కంపెనీలు లీజుల కోసం భూయజమానుల ఇళ్లకు పరుగులు తీశాయి. లీజు రాసిచ్చిన యజమానికి ఉత్పత్తిలో ఎనిమిదో వంతు రాయల్టీగా ఇవ్వడం చాలాకాలం ఆనవాయితీ. ఇప్పుడు బేరం నాలుగో వంతు దాకా వెళుతుంది.

ఇక చెప్పని సగం సంగతి. అక్కడ నేలను ఒకరికి, అడుగున ఉన్న ఖనిజాన్ని మరొకరికి విడదీసి అమ్ముకోవచ్చు. ఎప్పుడో ఒక యజమాని భూమి అమ్ముతూ ఖనిజాన్ని తన పేర ఉంచుకుని ఉంటే, ఆ తరువాత ఆ నేల మీద ఇల్లు కొనుక్కున్నవారికి చమురులో చిల్లిగవ్వ కూడా రాదు. పైగా ఖనిజ హక్కుదారుకు తన పనికి అవసరమైనంత మేర పైనేలను వాడుకునే హక్కు ఉంటుంది కనుక, చెక్కు ఒకరికి వెళ్లి డ్రిల్లింగు చప్పుడు మాత్రం మరొకరి పెరట్లో మిగలడం అక్కడ మామూలే.

మన చట్టం దారి వేరు. చమురు క్షేత్రాల నియంత్రణ రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని కేంద్ర జాబితాలో 53వ అంశం. దానికి ఆధారం 1948 నాటి చమురు క్షేత్రాల చట్టం. దీనిని 2025లో విస్తృతంగా సవరించారు. దాని కింద ఏర్పడిన పద్ధతి ప్రకారం నేల మీద తవ్వకానికి లీజు ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వం, అదీ కేంద్రం ముందస్తు ఆమోదంతో. రాయల్టీ కూడా రాష్ట్ర ఖజానాకే వెళుతుంది. సముద్రంలో అయితే అంతా కేంద్రానిదే, ఎందుకంటే ప్రాదేశిక జలాల అడుగున, ఖండతీరపు అడుగున, 200 నాటికల్ మైళ్ల ఆర్థిక మండలంలో ఉన్న సంపద యావత్తూ రాజ్యాంగం 297వ అధికరణం ప్రకారం కేంద్రానికి దఖలు పడింది. కృష్ణా-గోదావరి బేసిన్‌లో సముద్రం అడుగున ఉన్న కేజీ-డీ6 క్షేత్రపు గ్యాసు గాడిమొగ దగ్గర ఒడ్డుకు చేరుతున్నా దాని రాయల్టీ రాష్ట్రానికి రాకపోవడానికి కారణం ఇదే. ఆ గ్యాసు మీదనే అంబానీ సోదరుల కంపెనీల మధ్య నడిచిన వివాదంలో సుప్రీంకోర్టు 2010 మే 7న తీర్పు చెబుతూ, అది ప్రజల సంపద అనీ ప్రభుత్వం ప్రజల తరఫున ధర్మకర్త అనీ స్పష్టం చేసింది.

చట్టాలను వరుసగా చదివితే ఒక విచిత్రం కనిపిస్తుంది. బ్రిటన్‌లో 1934లో చట్టం చేసి, దేశంలోని సహజ చమురు అంతా రాజరికానిదేనని ఒక్క మాటలో తేల్చారు. మన సముద్రం విషయంలో 297వ అధికరణం అదే పని చేసింది. నేల మీది పట్టాభూముల అడుగున ఉన్న చమురుకు మాత్రం 1948 చట్టం నియంత్రణ గురించి చెప్పింది కాని, యాజమాన్యాన్ని అంత బాహాటంగా ప్రకటించలేదు. న్యాయవాదులకు ఇది వాదించదగిన అంశమే. అయితే యజమాని మీరేనని తేలినా లీజు లేకుండా తవ్వడానికి వీలు లేదు, లీజు పొందే స్తోమత రైతుకు ఉండదు. కాబట్టి ఈ వాదన మీద ఆశ పెట్టుకుని చెక్కు కోసం ఎదురుచూడమని మేము చెప్పలేము.

మీకు చట్టపరంగా రావలసినది పైనేలకు సంబంధించిన పరిహారం. బావికి, దారికి తీసుకున్న భూమికి కౌలు లేదా సేకరణ ధర, కొట్టివేసిన చెట్లకు, పోయిన పంటకు నష్టపరిహారం ఇందులోకి వస్తాయి. కోనసీమలో ఈ రెండో భాగాన్ని తేలికగా తీసుకోకూడదు. 1995 జనవరి 8న పాశర్లపూడి బావిలో ఎగసిన మంట 65 రోజుల పాటు ఆరలేదు. అటువంటి సందర్భంలో మీ తోటలో ఎన్ని కాపు చెట్లు ఉండేవో చెప్పగలిగేది ముందుగా రాయించి పెట్టుకున్న పంచనామా, అడంగల్ నమోదు మాత్రమే.

ప్రశ్న (పద్మనాభం మండలం): మా తాతగారు 1938లో కొన్న మెట్ట దస్తావేజులో "నిధి నిక్షేప జల పాషాణ అక్షీణి ఆగామి సిద్ధ సాధ్యములనెడి అష్టభోగ స్వామ్యములతో" అని రాసి ఉంది. భూమి ఎవరిదో ఖనిజం వారిదేనని 2013లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినట్టు చదివాను. మా మెట్టలో పలుగురాయి ఉంది. గనుల శాఖవారు అది ప్రభుత్వానిదే అంటున్నారు. ఎవరి మాట నిలుస్తుంది?

జవాబు: మీ ప్రశ్నలో రెండు ఆధారాలు ఉన్నాయి. వాటిలో దస్తావేజు బలహీనమైనది, తీర్పు బలమైనది. అయితే ఆ తీర్పు మీకు ఎంతవరకు వర్తిస్తుందన్నది మీ గ్రామ చరిత్ర మీద ఆధారపడి ఉంటుంది.

దస్తావేజు సంగతి త్వరగా ముగిద్దాము. అమ్మినవారు తమకు ఉన్న హక్కునే అమ్మగలరు. అష్టభోగాల వాక్యం దస్తావేజు లేఖరులు తరతరాలుగా ప్రతి క్రయపత్రంలోనూ రాస్తూ వచ్చినది; అమ్మకందారుకు పాషాణం మీద హక్కు లేకపోతే ఆ వాక్యం దానిని కొత్తగా పుట్టించలేదు. అందులో మొదటిదైన నిధి సంగతే చూడండి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం, భూమిలో దాగిన పది రూపాయలకు మించిన విలువ గల సొత్తు దొరికితే కలెక్టరుకు తెలియజేసి తీరాలి. దానికి పాత యజమాని ఎవరూ లేరని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినవారికి మూడు వంతులు, నేల యజమానికి ఒక వంతు వస్తాయి. దస్తావేజులో ఏమి రాసుకున్నా ఈ లెక్క మారదు.

ఇక తీర్పు. మీరు చదివినది 2013 జూలై 8న త్రేసియమ్మ జాకబ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చినది. రాసినవారు జస్టిస్ చలమేశ్వర్. ఆయన మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోనే న్యాయశాస్త్రం చదివారు. కేరళలోని మలబారు ప్రాంతంలో జన్మం హక్కు, అంటే వంశపారంపర్యమైన సంపూర్ణ భూమి హక్కు, గల భూయజమానులను రాష్ట్ర గనుల శాఖ రాయల్టీ కట్టమన్నప్పుడు పుట్టిన వివాదం అది. భూగర్భ సంపద అంతా ప్రభుత్వానిదేనని ప్రకటించే చట్టం మన దేశంలో లేదనీ, 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం తవ్వకాన్ని నియంత్రిస్తుందే తప్ప యజమాని నుంచి హక్కును లాక్కోదనీ న్యాయస్థానం చెప్పింది. చట్టసమ్మతమైన ప్రక్రియ ద్వారా తొలగించబడితే తప్ప, అడుగున ఉన్నది మామూలుగా పైనేల యజమానిదే అవుతుందన్నది తీర్పు సారం.

తొలగించబడితే తప్ప అన్న ఆ మినహాయింపు దగ్గరే మన జిల్లా చిక్కుకుంటుంది. మలబారు భూములు జమీందారీ కింద ఉన్నవి కావు. విశాఖపట్నం జిల్లాలో మాత్రం 1802 నాటి శాశ్వత శిస్తు ఏర్పాటు తరువాత ఎక్కువ భాగం విజయనగరం మొదలైన సంస్థానాల కింద, ఎస్టేట్ల కింద నడిచింది. శాశ్వత శిస్తు ఎస్టేట్లలో ఖనిజం మీద జమీందారుకే హక్కు ఉండేది. రైతుకు ఉన్నది సాగు హక్కు. 1890లలో విజయనగరం సంస్థానపు ప్రాంతంలో మాంగనీసు తవ్వకం మొదలైనప్పుడు దాని రాబడిలో పైన దున్నుకునే రైతుకు భాగం లేకపోవడానికి కారణం అదే. ఆ తరువాత 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. దాని 3వ సెక్షన్ చెరువులు, అడవులు, లంకలు, క్వారీలతో పాటు గనులు, ఖనిజాలను పేరు పెట్టి చెప్పి, ఎస్టేటు మొత్తాన్ని ప్రభుత్వానికి దఖలు పరిచింది. రైతులకు ఆ తరువాత రైత్వారీ పట్టాలు, అంటే శిస్తు నేరుగా ప్రభుత్వానికే కట్టే పట్టాలు, వచ్చాయి, కాని ఖనిజం అప్పటికే ప్రభుత్వం చేతికి వెళ్లిపోయింది.

అంటే, మీ తాతగారికి 1938లో అమ్మినవారు ఎస్టేటు రైతు అయి ఉంటే, ఆయనకు ఖనిజం మీద హక్కు అసలు లేదు. ఉన్న జమీందారు హక్కు చట్టం ద్వారా ప్రభుత్వానికి పోయింది. అటువంటి గ్రామాల్లో గనుల శాఖ మాటే బలంగా నిలుస్తుంది. పద్మనాభం పరిసరాలు విజయనగరం సంస్థానం కిందివి కనుక మీ గ్రామం కూడా ఇదే కోవలోకి రావచ్చు. అయినా ఊహతో ఆగకండి. మీ సర్వే నంబరుకు ఎస్టేటు రద్దు తరువాత తయారైన సెటిల్‌మెంటు ఫెయిర్ అడంగల్ నకలు తీసుకోండి. అది ఉంటే మీ భూమి ఎస్టేటు భూమి. మొదటి నుంచీ ప్రభుత్వ తాలూకాలో ఉన్న రైత్వారీ గ్రామమైతే, ఉదాహరణకు పాత సర్వసిద్ధి, గొలుగొండ తాలూకాల గ్రామాల వంటివైతే, 2013 తీర్పు ఆధారంగా వాదించడానికి చోటు చాలా ఎక్కువ. ఇనాం భూమికి 1956 నాటి ఇనాముల రద్దు చట్టం కింద వచ్చిన పట్టాను, డీ పట్టా (ప్రభుత్వం అసైన్ చేసిన) భూమికి ఆ పట్టాలోని షరతులను చదవాలి. ఒకే ఊరిలో గట్టుకు ఇటుపక్క ఒక జవాబు, అటుపక్క మరొక జవాబు రావడం ఇందువల్లనే. కొందరు ఈ తీర్పును పత్రికలో చదివి, ఇక అంతా మనదేనని క్వారీ కంపెనీలతో ఒప్పందాలు రాసుకోవడం మేము ఎరుగుదుము, అది తొందరపాటు.

ఒకవేళ ఖనిజం మీదేనని తేలినా పార పట్టడానికి అది చాలదు. 1957 చట్టం 4వ సెక్షన్ ప్రకారం లీజు లేకుండా ఎవరూ తవ్వరాదు, యజమాని కూడా. పలుగురాయి విషయంలో మరొక చిక్కు ఉంది. 2015లో దానిని చిన్న తరహా ఖనిజాల్లో చేర్చి రాష్ట్రాల నియమాల కిందికి తెచ్చారు. 2025 ఫిబ్రవరిలో అభ్రకం, ముగ్గురాయి, ఫెల్స్‌పార్‌లతో పాటు మళ్లీ ప్రధాన ఖనిజాల్లోకి మార్చారు. మీరు పాత ఫారాలతో దరఖాస్తు సిద్ధం చేసుకుని ఉంటే అది పనికిరాదు.

రాయల్టీ విషయం 2013లో తేలలేదు. దానిని 2024 జూలై 25న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఎనిమిది మంది ఏకాభిప్రాయంతో, ఒకరి భిన్నాభిప్రాయంతో తేల్చింది. రాయల్టీ పన్ను కాదనీ, లీజుదారు లీజు ఇచ్చినవారికి చెల్లించే ప్రతిఫలమనీ చెప్పింది. ఖనిజ హక్కుల మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉందని కూడా అదే తీర్పు చెప్పింది కనుక, ఖనిజం తమదేనని నిరూపించుకున్న యజమానులు రాయల్టీ నుంచి బయటపడినా పన్ను రూపంలో చెల్లించవలసిన పరిస్థితి రావచ్చు.

ప్రశ్న (ఆనందపురం): మా కొండవాలు పట్టాభూమిలో గ్రావెల్ తీసుకుంటానని ఒక కాంట్రాక్టరు అడుగుతున్నాడు. ట్రిప్పుకు ఇంత అని నోటిమాటగా చెప్పాడు. కాగితాలన్నీ తానే చూసుకుంటానంటున్నాడు. ఒప్పుకోవచ్చా?

జవాబు: ఒప్పుకోవద్దు. గ్రావెల్ చిన్న తరహా ఖనిజం. దానికి 1966 నాటి రాష్ట్ర నియమాల కింద గనుల శాఖ అనుమతి, సీనరేజి (తవ్విన ఖనిజానికి ప్రభుత్వానికి కట్టే రుసుము) చెల్లింపు, లారీకి పర్మిట్ ఉండాలి. అయిదు హెక్టార్ల కంటే చిన్న క్వారీకి కూడా పర్యావరణ అనుమతి తప్పదని 2012 ఫిబ్రవరిలో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇవి లేకుండా తవ్వితే అయిదేళ్ల దాకా జైలు, హెక్టారుకు అయిదు లక్షల రూపాయల దాకా జరిమానా విధించవచ్చు. తీసుకుపోయిన ఖనిజం ధరను కూడా వసూలు చేస్తారు. లారీలు వెళ్లిపోతాయి, గొయ్యి మీ సర్వే నంబరులో ఉంటుంది కనుక నోటీసు మొదట మీ ఇంటికే వస్తుంది. అనుమతి మీ పేర తెచ్చుకుని, లోతు, హద్దు, గట్టు నుంచి వదలవలసిన దూరం రాతపూర్వకంగా రాసుకుని ఇస్తే అది వేరే సంగతి.

ఇదే సందర్భంలో మధురవాడ నుంచి ఒకరు, ఇంటి సెల్లారు తవ్విన మట్టికి కూడా సీనరేజి కట్టాలా అని అడిగారు. కట్టడాలకు, రోడ్లకు, మెరకకు వాడే మామూలు మట్టిని 2000 ఫిబ్రవరిలో చిన్న తరహా ఖనిజాల్లో చేర్చారు. అయితే పునాది తవ్వి ఆ మట్టిని అదే స్థలంలో పూడ్చడానికి వాడుకుంటే అది ఆ ప్రకటన పరిధిలోకి రాదని పుణె బిల్డర్ల కేసులో 2014 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మట్టిని లారీల్లో బయటకు పంపి అమ్మితే ఈ రక్షణ ఉండదు.

ప్రశ్న (అనంతగిరి): మేము గిరిజనులం. మా పట్టాభూమిలో కాల్సైటు ఉంది. మైదానం నుంచి ఒకాయన వచ్చి, లీజు మా పేర తీసుకుని పని తాను చేయిస్తానని అంటున్నాడు. ఇది చెల్లుతుందా?

జవాబు: మీ మండలం మీదనే దేశమంతటికీ వర్తించే సూత్రాలు పుట్టాయి. బొర్రా పరిసర గ్రామాల్లో గిరిజనేతర సంస్థలకు ప్రభుత్వం ఇచ్చిన కాల్సైటు తదితర లీజులను గిరిజనుల హక్కుల కోసం పనిచేసే సమతా సంస్థ ప్రశ్నించగా, 1997 జూలై 11న సుప్రీంకోర్టు ఆ లీజులు చెల్లవని చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనేతరులకు భూమి బదిలీని నిషేధించే 1959 నాటి రెగ్యులేషన్, 1970లో దానికి చేసిన సవరణ ప్రభుత్వాన్ని కూడా కట్టిపడేస్తాయని, ఆ చట్టం దృష్టిలో ప్రభుత్వం కూడా ఒక వ్యక్తేనని తీర్పు చెప్పింది. దానికి ముందే, 1991లో, గనుల చట్టానికి మన రాష్ట్రం చేర్చుకున్న సవరణ ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో లీజు గిరిజనులకు, గిరిజనులు మాత్రమే సభ్యులుగా ఉన్న సహకార సంఘాలకు, ప్రభుత్వ సంస్థలకు తప్ప మరెవరికీ ఇవ్వరాదు. చిన్న తరహా ఖనిజాలకు గ్రామసభ లేదా పంచాయతీ ముందస్తు సిఫారసు కావాలని పంచాయతీ వ్యవస్థను షెడ్యూల్డు ప్రాంతాలకు విస్తరించిన 1996 నాటి పెసా చట్టం చెబుతుంది.

కాబట్టి లీజు పొందే అర్హత మీకు ఉంది, వచ్చినాయనకు లేదు. మీ పేరు ముందు పెట్టి పెట్టుబడి, లాభం, యంత్రాలు అన్నీ ఆయన చేతిలో ఉంటే అది బినామీ. అది బయటపడితే లీజు రద్దయ్యేది మీ పేర, కేసు నమోదయ్యేదీ మీ మీదనే. అప్పుడు ఆయన ఎక్కడా కనిపించడు. ఊరిలో మరికొందరికి ఇటువంటి భూమే ఉంటే సంఘంగా నమోదై దరఖాస్తు చేసుకోవడం ఒంటరిగా పోవడం కంటే మేలు. ఏజెన్సీ బాక్సైటు గొడవల అనుభవం ఉన్న మీకు గ్రామసభ తీర్మానపు విలువను మేము వేరే చెప్పనవసరం లేదు. ఆ తీర్మానం నకలును సర్పంచి దగ్గరే వదలక మీ దగ్గర కూడా ఒకటి ఉంచుకోండి.

ప్రశ్న (పెదగంట్యాడ): మా పొలం కింద నుంచి పెట్రోలియం పైపులైను వేస్తామని నోటిఫికేషన్ ఇచ్చారు. భూమి మాదేనట, కాని ఇల్లు కట్టరాదట. ఇదెక్కడి న్యాయం?

జవాబు: 1962 నాటి పైపులైన్ల చట్టం కింద ప్రభుత్వం భూమిని తీసుకోదు, అందులో వాడకం హక్కును మాత్రమే తీసుకుంటుంది. ఆ పట్టీ మీద మీరు మునుపటిలాగే పైరు పెట్టుకోవచ్చు. కట్టడం కట్టరాదు, బావి, చెరువు తవ్వరాదు, చెట్టు నాటరాదు. ఆంక్షలు కఠినమైనవే, కాని అర్థం లేనివి కావు. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో గ్యాసు పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. మాకు అభ్యంతరం ఉన్నది పరిహారం మీద. ఆ హక్కుకు చట్టం కట్టిన ధర, నోటిఫికేషన్ నాటి మార్కెట్ విలువలో పది శాతం. 1962లో పల్లెపొలానికి అది సరిపోయిందేమో కాని, గాజువాక, పెదగంట్యాడ వైపు సెంటు లెక్కన అమ్ముడుపోయే భూమిలో ఇల్లు కట్టే అవకాశమే పోయినప్పుడు పది శాతం ఏ మూలకూ చాలదు.

నోటిఫికేషన్ వెలువడిన నాటి నుంచి అభ్యంతరం తెలపడానికి 21 రోజులే గడువు. లైను గట్టు వెంట పోయేలా మార్చమని స్కెచ్‌తో సహా రాసి ఇవ్వండి. హక్కు దఖలు పడిన తరువాత అడగడం వృథా. పంటకు, చెట్లకు జరిగే నష్టం ఈ పది శాతానికి అదనం. కట్టిన మొత్తం నచ్చకపోతే జిల్లా న్యాయమూర్తి దగ్గరకు వెళ్లవచ్చు.

ప్రశ్న (భీమునిపట్నం): తీరం దగ్గర మా జిరాయితీ భూమిలో నల్ల ఇసుక ఉంది. దానికి మంచి ధర పలుకుతుందంటున్నారు. అమ్ముకోవచ్చా?

జవాబు: వీలు లేదు. ఆ ఇసుకలో ఇల్మనైటు, రూటైలు, జిర్కాను, గార్నెట్‌లతో పాటు మోనజైటు ఉంటుంది, మోనజైటులో థోరియం ఉంటుంది. అందుచేత సముద్రతీరపు ఇసుక ఖనిజాలు గనుల చట్టంలో అణు ఖనిజాల జాబితాలో ఉన్నాయి. 2019 నుంచి ఈ లీజులు ప్రభుత్వ సంస్థలకు మాత్రమే. యాజమాన్యం ఎవరిదన్న చర్చ ఇక్కడ అక్కరకు రాదు. అటువంటి ఖనిజాన్ని తవ్వే హక్కును నిర్బంధంగా కూడా తీసుకునే అధికారాన్ని 1962 నాటి అణుశక్తి చట్టమే కేంద్రానికి ఇచ్చింది. ఎవరైనా అడ్వాన్సు ఇస్తానంటే తీసుకోకండి.

ప్రశ్న (మల్కాపురం): మన ఊరి కొండల కింద చమురు ఉందని పిల్లల పాఠంలో చదివాను. అది మన నేలలో పుట్టినదా? పైన ఉన్నవారికి ఏమైనా హక్కు ఉంటుందా?

జవాబు: పుట్టినది కాదు, తెచ్చి దాచినది. దిగుమతి చేసుకున్న ముడిచమురును అత్యవసర నిల్వగా ఉంచడానికి గట్టి రాతిలో తొలిచిన గుహలు అవి. దేశంలో ఇటువంటి వ్యూహాత్మక నిల్వల్లో మొదట సిద్ధమైనది, 2015లో, మన విశాఖపట్నంలోనే, సామర్థ్యం 13.3 లక్షల టన్నులు. దానికి ముందే వంటగ్యాసు కోసం 60,000 టన్నుల గుహను సముద్రమట్టానికి చాలా దిగువన తొలిచారు. దాచినవారిదే సరుకు కనుక దాని మీద పైవారికి హక్కు రాదు. పైన ఉన్నది మీ పట్టాభూమే అయితే మాత్రం, రాయిని తొలిచే హక్కును ఏ చట్టం కింద, ఏ పరిహారంతో తీసుకున్నారని అడిగే హక్కు మీకు ఉంది. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి, మీ సర్వే నంబరు ఆ ప్రాజెక్టు హద్దుల్లో ఉందో లేదో ముందు తెలుసుకోండి.

ప్రశ్న (చోడవరం): భూమి అమ్ముతున్నాము. టెక్సస్‌లో లాగా ఖనిజ హక్కు మాకే ఉంచుకుంటామని దస్తావేజులో రాయవచ్చా?

జవాబు: రాయవచ్చు. ఆస్తి బదిలీ చట్టం ప్రకారం అమ్మకంతో పాటు అమ్మకందారుకు ఉన్న హక్కులన్నీ కొనుగోలుదారుకు వెళతాయి, వేరే ఉద్దేశం స్పష్టంగా రాసి ఉంటే తప్ప. ఖనిజం మీదే అయిన భూమిలో ఆ షరతు చెల్లుతుంది. పాత ఎస్టేటు గ్రామమైతే మాత్రం మీరు ఉంచుకోవడానికి ఏమీ ఉండదు, ఆ వాక్యం చూసి కొనేవారు ధర తగ్గించమంటారు. పద్మనాభం పాఠకుడికి చెప్పినట్టే ముందు ఫెయిర్ అడంగల్ నకలు తీసుకుని, ఆ తరువాత లేఖరి దగ్గరకు వెళ్లండి.